నాన్నను ఉద్దానం చేర్చిన వారందరికీ

మా నాన్న ఇప్పుడు ఉద్దానంలో, తాను పుట్టిన ఇంటి వరండాలో మంచం మీద ఉన్నారు. ఇది రాయగలుగుతున్నానంటే మీ అందరి చలవే.

నలభై ఏళ్ల కిందట విశాఖ హార్బరులో కళాసీ పనికి వచ్చిన మనిషి. రెండు కిడ్నీలూ పాడయ్యాయి, ఈమధ్య గుండె కూడా నీరసించింది. "నన్ను ఊరికి తీసుకెళ్లిపోరా" అని రెండు నెలలుగా ఒకటే మాట.

వారానికి మూడుసార్లు డయాలసిస్ జరగాల్సిన మనిషిని రెండు వందల కిలోమీటర్లు దాటించాలంటే బండి ఒక్కటే చాలదు, అక్కడ మిషను కూడా ఖాళీ ఉండాలి. అదేమీ ఆలోచించకుండా అంబులెన్సు మాట్లాడేసుకున్నాను. ఆస్పత్రిలోని సోషల్ వర్కర్ మేడమ్ నన్ను ఆపారు. ఆరు రోజులు ఫోన్లు చేసి, మా ఊరివైపున్న సోంపేటలో సోమ, బుధ, శుక్రవారాలకు డయాలసిస్ చోటు ఖాయం చేశారు. హెపటైటిస్, హెచ్ఐవీ రిపోర్టులు లేనిదే కొత్త చోట మిషను మీదకు తీసుకోరని చెప్పి, ఆ పరీక్షలు మళ్లీ చేయించారు. డ్రై వెయిట్, అంటే డయాలసిస్‌తో ఒంట్లోని అదనపు నీరు తీసేశాక ఉండాల్సిన బరువు, 46 కిలోలని ఎర్ర సిరాతో రాసి ఇచ్చిన కాగితం ఇప్పటికీ నా చొక్కా జేబులోనే ఉంది. మీ ఇంట్లోనూ ఇలాంటి కోరిక కోరే పెద్దవాళ్లుంటే, ముందు అక్కడ చోటు చూసుకోండి, ఆ తర్వాతే బండి.

నాన్నకు నెలనెలా వచ్చే 10,000 రూపాయల పెన్షను ఊరి సచివాలయానికి మారేలా చూసిన వార్డు సంక్షేమ కార్యదర్శికి నమస్కారాలు. అంబులెన్సు కిరాయి పోగుచేసి నా చేతిలో పెట్టిన కంచరపాలెం మా వీధివారి రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు.

ఇక ఆ డ్రైవరు తమ్ముడు. నాన్న నీళ్లు కొలిచి తాగాలి. దాహమని అడిగినప్పుడల్లా బండి పక్కకు ఆపి, తడిగుడ్డతో ఆయన పెదవులు తానే తుడిచాడు. "తాతగారూ, నాగావళి దాటాం", "ఇదిగో వంశధార" అని చెబుతూనే ఉన్నాడు. వంశధార పేరు వినగానే నాన్న కళ్లు తెరిచి, కిటికీ వైపు తల తిప్పమన్నారు.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా కొబ్బరితోట నేలకూలింది. ఆ మరుసటి ఏడు నాన్న వెళ్లి నాటి వచ్చిన మొక్కలు ఇప్పుడు గెలలు వేశాయి. కొబ్బరి నీళ్లలోని పొటాషియాన్ని పాడైన కిడ్నీలు బయటికి పంపలేవు, అది గుండెకు ప్రమాదం, అందుకే ఆయనకు ఆ నీళ్లు ఇవ్వకూడదు. అయినా మంచాన్ని తోట వైపు తిప్పించుకుని, పొద్దు వాలేదాకా చూస్తూ పడుకుంటున్నారు.

ప్రయాణం రోజు నాన్నకు నీలం దుప్పటి కప్పింది మా వీధిలో ఎవరో, ఆ హడావుడిలో చూసుకోలేదు. ఉతికి మడతపెట్టి ఉంచాను. మీదేనని చెప్పండి, విశాఖ వచ్చినప్పుడు ఇంటికి తెచ్చి ఇస్తాను.