సాయంత్రం బడి గేటుకు తాళం వేయకండి

సంపాదకులు గారికి నమస్కారం.

బాక్సింగ్‌లో పేరు తెచ్చుకున్న వాళ్ళ మీద పత్రికల్లో వచ్చే కథనాలు దాదాపు ఒకేలా ఉంటాయి. పూరిల్లు, అర్ధాకలి, తాగొచ్చి కొట్టే తండ్రి. ఆ కష్టాలే రాటుదేల్చాయని చివర ఒక మాట. ప్రభుత్వ బడుల్లో ముప్పై ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన నాకు ఆ మాట చదివినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. కష్టాలకే పతకాలు వచ్చేటట్టయితే మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో వీధికో ఛాంపియన్ ఉండాలి.

నా దగ్గర తొమ్మిదో తరగతిలో ఒక కుర్రాడు ఉండేవాడు. అమ్మానాన్నలు బిల్డింగు పనులకి చెన్నై వలస పోతే మామ్మ దగ్గర పెరిగాడు. రోజూ ఎవరినో ఒకర్ని కొట్టి నా ముందుకొచ్చి నిలబడేవాడు. ఒకరోజు తిట్టడం మానేసి గ్లవ్స్ ఇచ్చాను. వీధిలో కొట్టుకోవడం వేరు, బాక్సింగ్ వేరు. వీధి పిల్లలు కళ్ళు మూసుకుని చేతులు విసురుతారు, నిమిషం తిరక్కుండా ఆయాసపడతారు. ఒలింపిక్స్ తరహా పెద్దల పోటీలో మూడేసి నిమిషాల రౌండ్లు మూడు ఉంటాయి. కోపం మొదటి రౌండే దాటదు. గడ్డం దించడం, చేతులు మొహానికి అడ్డం పెట్టుకోవడం, దెబ్బ తగిలినా వెంటనే మీద పడకుండా ఆగి చూడటం, ఇవన్నీ వాడికి పట్టుబడటానికి ఆరు నెలలు పట్టింది. దెబ్బలు తినడం వాడికి ముందే వచ్చు. తప్పుకోవడమే రాదు.

క్లాసులో కొట్లాటలు తగ్గాయి. సెలక్షన్‌కు తీసుకెళ్దామనుకునేసరికి పిల్లాడు చిక్కిపోతూ కనిపించాడు. బడిలో మధ్యాహ్నం తిన్న అన్నం, గుడ్డు మీదే సాయంత్రం ప్రాక్టీసు. రాత్రికి ఇంట్లో ఏముంటే అది. వాళ్ళ మామ్మతో మాట్లాడదామని వెళ్తే, "కూటికి ఏడ్సే ఇంట్లో ఈ కుస్తీలేటి బావూ" అంది. ఆమెకు జవాబు చెప్పలేకపోయాను. ఆ వేసవిలో వాడూ చెన్నై రైలెక్కాడు. ఇప్పుడు సెంట్రింగ్ పని చేస్తున్నాడట.

అందరూ చెప్పుకునే మైక్ టైసన్ సంగతే చూడండి. న్యూయార్క్ బ్రౌన్స్‌విల్‌లో పెరిగాడు. పెంచుకున్న పావురాన్ని ఒక పెద్ద కుర్రాడు మెడ విరిచి చంపితే మొదటిసారి చెయ్యెత్తాడు. కథ ఇక్కడిదాకా అందరికీ తెలుసు. బాల నేరస్థుల బడిలో ఉన్నప్పుడు చేరదీసి గ్లవ్స్ తొడిగిన మాజీ బాక్సర్ బాబీ స్టువర్ట్ పేరు ఎందరికి తెలుసు? ఆయన అప్పగించిన కుర్రాణ్ణి కస్ డమాటో అనే ముసలి కోచ్ ఇంట్లో పెట్టుకుని పోషించాడు, తల్లి పోయాక సంరక్షకుడయ్యాడు. ఆయన నేర్పిన పద్ధతిలో మొదటి పాఠం, రెండు చేతులూ చెంపలకి ఆనించి తల కదుపుతూ దెబ్బ తగలకుండా చూసుకోవడం. టైసన్ 1986లో 20 ఏళ్ళకే హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. పెద్దాయన ఏడాది ముందే పోయాడు. 1992లో టైసన్ అత్యాచారం కేసులో జైలుకెళ్ళాడు. చిన్నప్పటి గాయం ఛాంపియన్ బెల్టులతో మానదని నాకనిపిస్తుంది.

మన దేశంలో మణిపూర్ బాక్సర్ డింకో సింగ్ అనాథాశ్రమంలో పెరిగాడు. స్పోర్ట్స్ అథారిటీ వాళ్ళ కంట్లో పడి శిక్షణ దొరికింది కాబట్టే 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చాడు. అది చూసి మేరీ కోమ్ గ్లవ్స్ తొడిగింది. నిజామాబాద్ నిఖత్ జరీన్‌కి ఆటలు తెలిసిన తండ్రి అండ ఉంది, 2022లో ప్రపంచ ఛాంపియన్ అయింది. అంతదూరం ఎందుకు, మా నెల్లిమర్ల మండలం కొండవెలగాడ వెళ్ళి చూడండి. అన్నలు, అక్కలు బరువులెత్తుతుంటే చూసి చిన్నవాళ్ళు ఎత్తారు. సిడ్నీ ఒలింపిక్స్‌లో 2000లో వెయిట్‌లిఫ్టింగ్ కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరికి ఆమదాలవలసలో కోచ్‌గా నీలంశెట్టి అప్పన్న గారు దొరికారు.

మా దగ్గర్లోని ఒక బడిలో సాయంత్రం ఐదు కాకుండానే గేటుకు తాళం పడుతోంది. ఏడింటిదాకా తీసి ఉంచి, గ్రౌండులో ఒక లైటు వెలిగించమని అధికారులను అడుగుతున్నాను. ప్రాక్టీసుకి వచ్చే పిల్లలకి సాయంత్రం రెండు గుడ్లు, ఇంత పల్లీ చిక్కీ. సెలక్షన్‌కు విశాఖ వెళ్ళడానికి బస్సు ఛార్జీ. ఆడపిల్లలు వస్తే తోడుగా ఒక టీచరమ్మ. లక్షలు పోసి కొని గదిలో తుప్పు పట్టించే జిమ్ సామాను తర్వాత చూసుకోవచ్చు. మీరు కూడా ఇకమీద పతకం తెచ్చిన పిల్లల గురించి రాసేటప్పుడు, ప్రాక్టీసయ్యాక వాళ్ళకు అన్నం ఎవరు పెట్టారో అడిగి రాయండి.

నా బీరువాలో రెండు జతల గ్లవ్స్ ఉన్నాయి. మోకాళ్ళు సహకరించినన్నాళ్ళు రోజూ సాయంత్రం వచ్చి నేర్పుతాను, జీతం అక్కర్లేదు. గేటు తీయిస్తే చాలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు,
నెల్లిమర్ల, విజయనగరం జిల్లా