నీలం మోపెడ్ అన్నకు

శనివారం రాత్రి పదకొండయింది. నాన్న నిద్రపోతున్నాడు. కిరోసిన్‌తో రెండుసార్లు కడిగినా నా చేతుల గ్రీజు వాసన పోలేదు. ఒళ్లంతా నొప్పులు, కన్ను మాత్రం మూతపడటం లేదు. అందుకే రాస్తున్నాను. కవిటి, సోంపేట, బారువ వైపు వాళ్లెవరైనా చదివితే, ఈ పొద్దున ఆగిపోయిన మా కారు బాగుచేసిన ఈ మనిషి మీకు తెలుసేమో చూడండి. యాభై దాటిన వయసు, నీలం రంగు మోపెడ్, వెనక రెండు చేపల ట్రేలు, వాటి మీద తడిపిన గోనెపట్టా. పేరు అడగలేదు. అంత సాయం చేసిన మనిషిని పేరైనా అడగవా అని మా అమ్మ పొద్దున్నుంచి తిడుతూనే ఉంది.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ప్రాంతం. ఈ వైపు వాళ్లకి డయాలసిస్ గురించి విడమర్చి చెప్పక్కర్లేదు. నాన్నకి మంగళ, గురు, శనివారాలు, సోంపేటలో, పొద్దున ఆరింటి బ్యాచ్. నాలుగు గంటలు మిషన్ మీద ఉండాలి. ఒక్క రోజు తప్పినా కాళ్లు ఉబ్బుతాయి, ఆయాసం మొదలవుతుంది.

మా కారు 2009 ఆల్టో. పది రోజులుగా మొరాయిస్తోంది. తాళం తిప్పితే ఒక్కోసారి ఉలుకూ పలుకూ ఉండదు. ఇంజిన్‌ని మొదట తిప్పే స్టార్టర్ మోటార్ మీద సుత్తి పిడితో రెండు తట్లు తడితే తిరుగుతుంది. అంటే లోపల మోటారుకి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగాయి. టౌనులో ఒక వర్క్‌షాపుకి తీసుకెళ్తే బ్రష్‌లు వేసే పని మేం చేయం, మోటారు మొత్తం మార్చాలి అన్నారు. చెప్పిన ధరకి నాన్న నెల మందులొస్తాయి. నాకూ కాస్త పని తెలుసు కదా అని శుక్రవారం సాయంత్రం నేనే మోటారు దింపి, బ్రష్‌లు మార్చి, మళ్లీ బిగించాను. ఆఖర్న ఒక బోల్టు మిగిలింది. ఇంట్లో రిపేరు చేస్తే ఒకటి మిగలకుండా ఉంటుందా అని నవ్వుకుని డబ్బాలో వేసేశాను. ట్రయల్ చూద్దామనుకునేలోపు కరెంటు పోయింది. పొద్దున చూద్దాంలే అని పడుకున్నాను.

తెల్లవారుజామున నాలుగున్నరకి తాళం తిప్పితే 'టిక్' అంది. అంతే. మళ్లీ తిప్పితే మళ్లీ టిక్. హెడ్‌లైట్లు మాత్రం పట్టపగల్లా వెలుగుతున్నాయి. మీటరు పెడితే బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తోంది, అంటే ఫుల్ చార్జి. మూడోసారి తిప్పేసరికి ప్లాస్టిక్ కాలిన వాసన. కొత్త బ్రష్‌లే కాలిపోతున్నాయనుకున్నాను. గుండె జారిపోయింది.

మా బామ్మర్ది ట్రాక్టర్ తెచ్చాడు, జంపర్ కేబుళ్లు వేశాం. ప్లస్సుకి ప్లస్సు, మైనస్‌కి మైనస్. మళ్లీ టిక్. ఆటో మాట్లాడుకోవచ్చు కదా అనేవాళ్లుంటారు. పెళ్లిళ్ల సీజనండీ, ఊళ్లో ఉన్న మూడు ఆటోలూ రాత్రే వెళ్లిపోయాయి. బైకు మీద నాన్న కూర్చోలేడు.

అప్పుడు ఇన్సూరెన్సు గుర్తొచ్చింది. దారిలో బండి ఆగితే మనిషిని పంపిస్తామని దానికి వేరేగా ఏటా డబ్బు కడుతున్నాను. ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, పాట వినండి. పన్నెండు నిమిషాల తర్వాత ఒకావిడ పిన్‌కోడ్ అడిగి, 'సార్, మీ ప్రాంతం మా సర్వీసు పరిధిలో లేదు' అంది. ఆ అమ్మాయి తప్పేం లేదు. కానీ డబ్బు కట్టించుకున్నప్పుడు ఇదే పిన్‌కోడ్ కదా, అప్పుడు పరిధిలోనే ఉందా? ఇంకోటి కూడా అడగాలనిపిస్తోంది. ఆసుపత్రులు కట్టారు, మిషన్లు పెట్టారు, మంచిదే. ఇంటి గుమ్మం నుంచి ఆ మిషన్ దాకా వారానికి మూడుసార్లు వెళ్లి రావడం ఎవరి పరిధిలో ఉందో ఎవరూ చెప్పరు. సరే, అది మొదలెడితే తెల్లారిపోతుంది.

ఐదుంబావు అయింది. నాన్న వరండాలో చొక్కా గుండీలు పెట్టుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

అప్పుడు ఆగాడు ఆ మోపెడ్ అన్న. మేం పిలవలేదు. బానెట్ లేచి ఉండటం, ట్రాక్టర్ అడ్డంగా ఉండటం చూసి 'ఏటయింది బాబూ?' అన్నాడు. నేను విసుగ్గానే చెప్పాను, నిజం ఒప్పుకోవాలి. ఆయన కారు వైపు చూడలేదు, వరండాలోకి చూశాడు. నాన్న చేతికున్న ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉబ్బు చూశాడనుకుంటాను. 'ఎన్నింటికి సూది?' అని అడిగాడు.

డయాలసిస్‌కి ఎన్నింటికి అని ఎవరైనా అడుగుతారు. సూది ఎన్నింటికని అడిగేది ఇంట్లో అలాంటి మనిషి ఉన్నవాడో, ఆ మనిషిని పోగొట్టుకున్నవాడో. నేనేమీ అడగలేదు, ఆయనా చెప్పలేదు. మోపెడ్ స్టాండు వేశాడు.

నన్నొకసారి తాళం తిప్పమన్నాడు. టిక్ అనగానే ఆపించి, ఇంజిన్ దగ్గర చెయ్యి పెట్టి క్లచ్ కేబుల్ పట్టుకుని చటుక్కున తీసేశాడు. 'సూడు, కాలిపోతోంది' అన్నాడు. ముట్టుకుంటే నిజంగానే చురుక్కుమంది. ప్లాస్టిక్ వాసన అక్కడి నుంచే. అప్పుడడిగాడు: 'బోల్టు ఏదైనా మిగిలిందా?'

సిగ్గుతో డబ్బా తెచ్చాను.

గుజరాత్‌లోని వీరావల్‌లో పదిహేనేళ్లు బోట్ల మీద పనిచేశాడట. కార్ల సంగతి నాకు తెలీదు, ఇంజిన్ ఎక్కడైనా ఇంజినే కదా అన్నాడు. ఉప్పు గాలి తగిలే చోట మొదట చూడాల్సింది ఎర్తట, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి. నా తప్పు ఆయన చెప్పాక అర్థమైంది. మోటారు దింపేటప్పుడు, బ్యాటరీ మైనస్ నుంచి గేర్‌బాక్సుకి వచ్చే ఎర్త్ వైరు విప్పి పక్కకి తోశాను. అది బ్యాటరీ ట్రే వెనక వేలాడుతోంది. మైనస్‌దే ఇంకో వైరు కారు బాడీకి ఉంది కాబట్టి లైట్లు వెలుగుతున్నాయి. హెడ్‌లైట్లు రెండూ కలిపి లాగేది పది ఆంపియర్ల లోపే. స్టార్టర్‌కి వందకి పైన కావాలి. అంత కరెంటు ఇంజిన్ నుంచి వెనక్కి పోవడానికి దారిలేక, సన్నటి క్లచ్ కేబుల్ గుండా పోవాలని చూసింది. అందుకే దానికి ఆ వేడి, మోటారుకి ఆ టిక్.

బామ్మర్ది చేతిలోని జంపర్ కేబుల్ తీసుకుని ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస నేరుగా ఇంజిన్ ఇనుముకి తగిలించాడు. 'తిప్పు' అన్నాడు. సగం తాళం తిప్పానో లేదో, బండి స్టార్టయింది. అసలు జంపర్ వేసేటప్పుడు చివరి నల్ల క్లిప్పు బ్యాటరీకి కాకుండా ఇంజిన్‌కి పెట్టమంటారు, బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ లేవకూడదని. నేను ఆ పద్ధతి పాటించి ఉంటే ట్రాక్టర్‌తోనే పని అయిపోయేది. అరగంట ముందే.

అక్కడితో వదిలేసి వెళ్లినా దేవుడే అనేవాణ్ణి. ఆయన ఇంజిన్ ఆపించి, తడి నేల మీద వెల్లకిలా పడుకుని కారు కిందకి దూరాడు. వైరు కొసకి పచ్చటి చిలుము పట్టి ఉంది. మొలలోంచి చేపలు కోసే కత్తి తీసి దాన్ని గీకాడు, గేర్‌బాక్సు మీద అది కూర్చునే చోటూ మెరిసేదాకా గీకాడు, నా మిగులు బోల్టు బిగించి పైన గ్రీజు రాశాడు. పక్కన ట్రేల్లోంచి ఐసు కరిగి మా వాకిట్లో ధారగా పారుతోంది. చూస్తూనే ఉన్నాను. అది ఆయన ఆ రోజు బేరం. 'చేపలు పాడైపోతాయన్నా' అంటే, 'చేపలు రేపూ పడతాయి, పెద్దాయన్ని ఎక్కించు' అన్నాడు.

ఐదు వందలు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. సరే అని బయల్దేరాం. హైవే ఎక్కాక అద్దంలో చూస్తే వెనకే మోపెడ్. ఆయన బేరం ఆ వైపే అనుకున్నాను. సోంపేటలో డయాలసిస్ కేంద్రం గేటు దగ్గర నాన్నని దింపుతుంటే ఎదురుగా ఆగి ఉన్నాడు. మేం లోపలికి అడుగుపెట్టాక బండి తిప్పుకుని, వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయాడు. మళ్లీ ఆగిపోతే ఎక్కించుకుందామనే వచ్చాడు. బెడ్ పక్కన స్టూలు మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. చేతికి సూదితో పడుకున్న నాన్నే నన్ను ఓదార్చాల్సి వచ్చింది.

అన్నా, నీ కత్తి మా బ్యాటరీ ట్రేలో ఉండిపోయింది. నీ చేతి అరుగుదల పడిన చెక్క పిడి. కడిగి, నూనె రాసి, గుడ్డలో చుట్టి పెట్టాను. ఎప్పుడు ఈ వైపు వచ్చినా మా ఇంట్లో టీ తాగి తీసుకెళ్లు. ఆయన్ని ఎరిగినవాళ్లు ఈ మాట అందించండి చాలు.

ట్రాక్టర్ తెచ్చిన బామ్మర్దికి, ఇంట్లోవాళ్లకి థ్యాంక్స్. అవునూ, పది నిమిషాలు ఆలస్యమైనా నాన్న బెడ్ వేరేవాళ్లకి ఇవ్వకుండా ఆపిన నర్సమ్మకి చాలా థ్యాంక్స్, ముందే రాయాల్సింది. మా ఎదురింటావిడ అడక్కుండానే అందరికీ టీ పెట్టి పంపింది, ఆమెకీ.

ఇది చదివి, గంటసేపు టార్చి పట్టుకున్నది ఎవరని మా ఆవిడ అడుగుతోంది. నువ్వే. ఇంకా, నిద్రలోంచి లేచి పన్నెండో నంబరు స్పానర్ పరుగున తెచ్చిన పక్కింటి పిల్లాడు. ఒరేయ్, మీ నాన్న స్పానర్ మా దగ్గరే ఉంది, రేపు ఇచ్చేస్తానని చెప్పు.