చెల్లికి ల్యాప్‌టాప్: కొనే ముందు చూడాల్సినవి

తిరుపతి

రేయ్ మునీ,

బాగుండావా? చెల్లి ఎస్వీ యూనివర్సిటీలో ఎంసీఏ చేరతా ఉందని, తక్కువ ధరలో తేలికపాటి ల్యాప్‌టాప్ ఏది మంచిదో చెప్పమని రాస్తివి. రోజూ చిత్తూరు నుంచి బస్సులో వచ్చిపోయే పిల్లకి 1.4 కిలోలకీ 2 కిలోలకీ తేడా సాయంత్రానికి భుజమే చెప్తుంది. తేలికది అడగడంలో తప్పేమీ లేదు. కానీ ధరా బరువూ రెండూ తగ్గించాలంటే కంపెనీవాడు ఎక్కడో కోత పెట్టాల్సిందే. ఆ కోతని తర్వాత మనం పూడ్చుకోగలమా లేదా, అదే చూడు.

ముఖ్యంగా ర్యామ్, అంటే తెరిచిన ప్రోగ్రాములు నడిచే మెమరీ. సన్నటి మోడళ్లు చాలావాటిలో ర్యామ్‌ని బోర్డుకే సోల్డర్ చేసేస్తారు, అంటే తీసి మార్చలేకుండా అతికించేస్తారు. 8 జీబీ కొంటే చివరిదాకా 8 జీబీయే, అందులోనూ గ్రాఫిక్స్ కొంత మింగేస్తుంది. యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో, తెర మీదే ఫోన్‌లా పనిచేసే ఎమ్యులేటర్, క్రోమ్ ఒకేసారి తెరిస్తే ఇంక కదలదు. షాపులోనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కు, విండోస్‌లో టాస్క్ మేనేజర్ వస్తుంది. దాంట్లో పెర్ఫార్మెన్స్‌లో మెమరీ తెరిస్తే కింద ‘ఫామ్ ఫ్యాక్టర్’ కనిపిస్తుంది. ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే సోల్డరే. అట్లాంటిది తీసుకుంటే 16 జీబీదే తీసుకో. ‘సోడిమ్’ అని ఉంటే ర్యామ్‌ని తీసి మార్చుకునే స్లాటు ఉన్నట్టు, 8తో మొదలుపెట్టినా ఫరవాలేదు.

ఫైళ్లు దాచుకునే ఎస్ఎస్‌డీ దగ్గర మాత్రం డబ్బు మిగిలించుకోవచ్చు. ఎన్‌విఎంఈ అనే వేగమైన రకం ఎస్ఎస్‌డీని మామూలుగా తర్వాత మార్చుకోవచ్చు కాబట్టి 256 జీబీ చాలు. ఎస్ఎస్‌డీ బదులు ఈఎంఎంసీ అనే చవక స్టోరేజ్ అని రాసుంటే మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దురా. నిదానం, పైగా అదీ సోల్డరే.

ప్రాసెసర్ విషయంలో ఏఎండీ వాళ్ల రైజెన్ 5 స్టిక్కర్ చూసి మురిసిపోవద్దు. 7520యూ అనే మోడల్‌లో మూడో అంకె 2, అంటే 2019 నాటి జెన్ 2 తరం కోర్లు. 7530యూ అయితే దాని తర్వాతి జెన్ 3 తరం. పేరు చూస్తే అన్నదమ్ములే, పనిలో చాలా తేడా. ఇంటెల్ ఐ3-1215యూ కూడా చదువుకి సరిపోతుంది.

స్క్రీన్ ఐపీఎస్ రకం అయ్యుండాలి, పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారవు. వెలుతురు కొలత నిట్స్; 250 నిట్స్‌ది గదిలో సరే, కిటికీ పక్కన వెలవెలపోతుంది. బ్యాటరీకి ‘12 గంటలు’ అన్న ప్రకటన నమ్మకుండా వాట్-అవర్ ఎంతో అడుగు, అంటే బ్యాటరీలో పట్టే కరెంటు కొలత. 42 వాట్-అవర్ ఉంటే, మామూలు పనికి 7 వాట్లు లాగితే 6 గంటలు. వీడియో కాల్‌లో 12 వాట్లు లాగితే మూడున్నరే.

చవక మోడళ్లలో ముందు పొయ్యేది మూతని కింది భాగానికి కలిపే కీలు (హింజ్). ఇనుప కీలుని ప్లాస్టిక్ బాడీలోకి స్క్రూలతో బిగిస్తారు. మూల పట్టుకుని తెరిస్తే బరువంతా ఒక పక్కే పడి, ఆ స్క్రూ పట్టు చుట్టూ ప్లాస్టిక్ పగుల్తుంది. మూత మధ్యలో పట్టుకుని తెరవమను. గాలి తీసుకునే రంధ్రాలు అడుగున ఉంటాయి కాబట్టి పరుపు మీద పెట్టకూడదు. మన మే నెల ఎండల్లో ఒంటి ఫ్యానుది వేడెక్కి తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది. చార్జింగ్ 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటే ఆన్ చేయి, బ్యాటరీ జాస్తి కాలం వస్తుంది.

బిల్లు కొట్టించే ముందు అట్టపెట్టె మీది మోడల్ నంబరు మొత్తం ఫోటో తీసి పంపు. పేరు ఒకటే ఉన్నా చివరి అక్షరాలు మారితే లోపల ర్యామూ స్క్రీనూ మారిపోతాయి. అమ్మని అడిగినానని చెప్పు.

ఇట్లు,
నీ నేస్తం