పొరుగింటి మాట వినే నరం

అనంతపురం,
ఆదివారం

పాపకు,

నిన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి సగమే జవాబు చెప్పాను. మీ అమ్మ పక్కనుంచి "తినిందో లేదో అడగండి ముందు" అంటుంటే హిస్టమిన్ గురించి ఏం చెప్పేది? ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పినవాణ్ణి, బోర్డు లేకపోతే కాగితమన్నా ఉండాలి నాకు.

తుమ్ములు, దద్దుర్లు తెప్పించే హిస్టమిన్ గుండెలో నరాన్ని శాంతింపజేస్తుందంటే ఎలా నమ్మేది అన్నావు. హిస్టమిన్ ఒకటే పాపా, అది తట్టే తలుపులు, అంటే కణాల మీది రిసెప్టర్లు, నాలుగు: హెచ్1 నుంచి హెచ్4 దాకా. హెచ్1 తడితే దద్దుర్లు. హెచ్2 తడితే కడుపులో ఆమ్లం. గుండె కండరం మీదా హెచ్2 ఉంది, అక్కడ తడితే గుండె వేగం పెరుగుతుంది. నాలుగోదాన్ని ఇప్పటికి వదిలెయ్. నీకు కావాల్సిన హెచ్3 ఉండేది కండరం మీద కాదు, నరం కొస మీద. చిక్కంతా అక్కడే విడిపోతుంది.

1983లో పారిస్‌లో అరాంగ్, గార్బార్గ్, ష్వార్ట్జ్ దాన్ని మొదట ఎలుక మెదడులో పట్టుకున్నారు. అక్కడ నరకణం తాను వదిలిన హిస్టమిన్‌ను తానే గుర్తుపట్టి, ఇంక చాల్లే అని ఆగుతుంది. గుండెలో అట్లా కాదు. గుండెను ఉరికించే సింపథెటిక్ నరం వదిలేది నార్‌ఎపినెఫ్రిన్, గుండె వేగం పెంచే రసాయనం. ఆపమనే హిస్టమిన్ వచ్చేది పక్కనున్న మాస్ట్ కణం నుంచి, అలర్జీలో హిస్టమిన్ వదిలేదీ ఆ కణమే. మెదడులో సొంత బుద్ధి, గుండెలో పొరుగింటి మాట. న్యూయార్క్‌లో కార్నెల్ వైద్య కళాశాలలో రాబర్టో లెవీ బృందం దీన్ని గినీ పందుల గుండెల్లో, తర్వాత ఆపరేషన్లప్పుడు తీసిన మనుషుల కర్ణిక (గుండె పై గది) ముక్కల్లో చూపించింది.

మామూలప్పుడు నరానికి సంకేతం రాగానే కొసలోకి కాల్షియం వస్తుంది, సంచులు పగిలి నార్‌ఎపినెఫ్రిన్ బయట పడుతుంది. హెచ్3 తలుపు తట్టితే లోపల జీ-ప్రోటీన్ అనే కబురు మోసే ప్రోటీన్ కదిలి ఆ కాల్షియం దారిని సన్నం చేస్తుంది. అంతే.

ఆ అదుపు తప్పితే ఏమవుతుందో నేను పుస్తకంలో చదవకముందే చూశాను. మీ జేజినాయన్ను శెనక్కాయ కట్టె వామి కాడ ఎర్ర తేలు కుట్టింది. నాకప్పుడు పదమూడేళ్లు. చొక్కా పిండితే నీళ్లు కారేంత చెమట, చేతులు మాత్రం ఐసుగడ్డలు. గుండె కొట్టుకోవడం చొక్కా మీదే కనిపించింది. తేలు విషం నరాల్లో సోడియం దారులు మూసుకోనీయదు. నార్‌ఎపినెఫ్రిన్ వరదలా వస్తుంది. బతికాడు, మంత్రం పనిచేసిందన్నారు ఊళ్లో. మహారాష్ట్రలో మహాడ్ డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రాజోసిన్ వాడి చూపింది 1980లలో. అది మా ఊరికి చేరేసరికి నేను పెళ్లి కూడా చేసుకున్నా. ఒకటి గమనించు: ప్రాజోసిన్ మందు నార్‌ఎపినెఫ్రిన్‌ను పుచ్చుకునేవాడి తలుపు మూస్తుంది, హెచ్3 ఇచ్చేవాడి, అంటే నరం, చెయ్యి పట్టుకుంటుంది. వైవాలో ఈ తేడా అడుగుతారు, నేనైతే అడుగుతా.

గుండెపోటులో ఇంకో విచిత్రం ఉంది, నాకు అన్నిటికంటే నచ్చిందీ అదే. మన పాత బావి మోటారు గుర్తుందా? ఫుట్‌వాల్వు పాడైనప్పుడు కరెంటు పోతే పైపులోని నీళ్లన్నీ మళ్లీ బావిలోకే. నరం కొసలో కూడా వదిలిన నార్‌ఎపినెఫ్రిన్‌ను తిరిగి లోపలికి లాగే వాహకం ఒకటుంది. రక్తం చాలాసేపు అందకపోతే నరంలో శక్తి అయిపోతుంది, ఆమ్లం పేరుకుంటుంది. ఆ ఆమ్లాన్ని బయటికి తోయడానికి నరం బదులుగా సోడియంను లోపలికి రానిస్తుంది. సోడియం నిండేసరికి వాహకం తిరగబడి, లోపలికి లాగాల్సింది బయటికి గుమ్మరిస్తుంది. దీనికి కాల్షియం అక్కర్లేదు, సంచులు పగలక్కర్లేదు. గుండె లయ తప్పడానికి ఇదొక కారణం. హెచ్3 ఆ సోడియం మార్పిడినీ తగ్గిస్తుందని లెవీ వాళ్లు చూశారు. హెచ్3 లేకుండా పుట్టించిన ఎలుకల గుండెలకు రక్తం ఆపి, మళ్లీ వదిలితే నార్‌ఎపినెఫ్రిన్ ఎక్కువగా వచ్చింది, లయ కూడా ఎక్కువ చెడింది.

అట్లని మాస్ట్ కణాన్ని దేవుణ్ణి చేయకు. అదే కణం రెనిన్ అనే ఎంజైమ్ కూడా వదులుతుంది, దాని దారిలో పుట్టే యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ అదే నరాన్ని ఎగదోస్తుంది. ఒకే ఇంట్లో ఆపేవాడు, ఎగదోసేవాడు ఇద్దరూ.

ఇక నీ భయం: అలర్జీకి వేసుకునే సిట్రిజిన్ మాత్ర ఈ హెచ్3 తలుపును మూసేస్తుందా అని. మూయదు, అది పట్టేది హెచ్1ని. కాకపోతే రాత్రి పూటే వేసుకో. మెదడును మేలుకొలిపి ఉంచేదీ హిస్టమినే కాబట్టి, పొద్దున వేసుకుంటే కొందరికి మబ్బుగా ఉంటుంది, నువ్వసలే ఫార్మకాలజీ క్లాసులో ముందు బెంచీ.

శెనక్కాయల పొడి, రెండు జతల బట్టలు బుధవారం బస్సులో పంపిస్తున్నా. మీ అమ్మ అడగమంది: తిన్నావా?

నాన్న