కోపైలట్ గంటలు లాగ్‌బుక్‌లో రాసే ముందు

అమెరికాలో చిన్న చార్టర్ విమానాల్లో కుడి సీట్లో, అంటే కోపైలట్‌గా ఎగురుతున్న మిత్రులకు. పక్కన కూర్చున్నంత మాత్రాన ఆ గంటలు మనవి కావు, లాగ్‌బుక్‌లో (ఎగిరిన గంటల రికార్డులో) రాసుకోలేం. విమానం సర్టిఫికేషనో (ఆ మోడల్‌కు ఇచ్చిన అధికారిక ఆమోదం), ఆ ఫ్లైట్‌కు వర్తించే నిబంధనో ఇద్దరు పైలట్లు ఉండాలనాలి. పార్ట్ 135 (చార్టర్ సర్వీసుల నిబంధనలు) కింద ప్రయాణికులతో ఐఎఫ్ఆర్‌లో (పరికరాల ఆధారంగా ఎగిరే నియమాల్లో) వెళ్తే సాధారణంగా కోపైలట్ తప్పనిసరి, కాబట్టి రాసుకోవచ్చు. కానీ ప్రయాణికుల్ని దింపి ఖాళీగా పార్ట్ 91 (సాధారణ విమానయాన నిబంధనలు) కింద తిరిగొస్తారే, చాలామంది పొరబడేది అక్కడే! ఒక్క పైలట్ సరిపోయే విమానమైతే ఆ తిరుగు ప్రయాణాన్ని కోపైలట్ టైమ్‌గా రాయకండి.

2018లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఇంకో దారి ఇచ్చింది. కంపెనీకి కోపైలట్ శిక్షణ ప్రోగ్రామ్ ఆమోదం ఉంటే, రెండో పైలట్ అక్కర్లేని ఫ్లైట్‌లోనూ గంటలు చెల్లుతాయి. కెప్టెన్ మీ లాగ్‌బుక్‌లో ధ్రువీకరించాలి. ఆ సంతకం అదే రోజు అడిగి తీసుకోండి, దయచేసి. కెప్టెన్ ఉద్యోగం మారాక వెతుక్కోవడం చాలా టెన్షన్.