కొత్త పెడల్‌లో పాత కోరస్ కావాలంటే ముందు ట్రెబుల్ తగ్గించండి

సంపాదకులు గారికి,

నమస్కారం. గిటార్, కీబోర్డు శబ్దాన్ని ఇద్దరు ముగ్గురు కలిసి వాయిస్తున్నట్టు నిండుగా వినిపించే పాత కోరస్ పెడల్స్ (కాలితో నొక్కే చిన్న పెట్టెలు) గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాం. 'డిజిటల్ పెడల్‌తో ఆ నాదం రాదు' అన్న మాట ఒక్కటే మింగుడు పడలేదు. ఆ మాట నమ్మి కుర్రవాళ్లు నలభై ఏళ్ల నాటి పెట్టెల కోసం అప్పులు చేస్తున్నారు. చేతిలో ఉన్న డిజిటల్ పెడల్‌ను సరిగా అమర్చుకుంటే ఆ నాదం వస్తుంది. కంపెనీ ముందే అమర్చి ఇచ్చే ఫ్యాక్టరీ ప్రీసెట్‌తో మాత్రం రాదు. కొట్లో పది సెకన్లు వినగానే ఆకట్టుకోవాలని వాటిలో డెప్త్ (ఊగుడు మోతాదు) ఎక్కువగా పెట్టి, ట్రెబుల్ (శబ్దంలోని పదును) పూర్తిగా తెరిచి ఉంచుతారు.

పదిమంది ఒకే పాట పాడితే ఎవరి శ్రుతీ ఎవరి కాలమూ అచ్చంగా కలవవు. ఆ చిన్న తేడాలే బృందగానానికి నిండుదనం. 1975లో రోలాండ్ జాజ్ కోరస్ జేసీ-120 యాంప్‌లో, మరుసటి ఏడాది బాస్ కంపెనీ సీఈ-1 పెడల్‌లో ఆ తేడాను బకెట్ బ్రిగేడ్ చిప్‌తో పుట్టించారు. నిప్పు ఆర్పేవాళ్లు వరసలో నిలబడి నీళ్ల బకెట్లు చేతులు మార్చుకున్నట్టు, ఈ చిప్ సిగ్నల్‌ను ఒక కెపాసిటర్ నుంచి పక్కదానికి అందిస్తూ పోతుంది. ఎంత ఆలస్యం అన్నది గడుల (వరసలోని కెపాసిటర్ మెట్ల) సంఖ్యను క్లాక్ (ఆ అందింపును నడిపే టిక్కుల) వేగానికి రెట్టింపుతో భాగిస్తే తెలుస్తుంది. 1979 నాటి సీఈ-2లోని ఎంఎన్3007 చిప్‌కు 1024 గడులు. క్లాక్ 100 కిలోహెర్ట్జ్ అయితే ఆలస్యం 5.12 మిల్లీసెకన్లు. ఆ క్లాక్‌ను నెమ్మదిగా పెంచి తగ్గిస్తే శ్రుతి పైకీ కిందికీ ఊగుతుంది. దాన్ని అసలు సిగ్నల్‌తో కలిపితే కోరస్.

క్లాక్ రొద సిగ్నల్‌లో కలవకుండా చిప్‌కు ముందూ వెనకా ఫిల్టర్లు పెట్టక తప్పలేదు. అందుకే పాత పెడల్స్‌లో ఆలస్యమైన సిగ్నల్ కాస్త మొద్దుగా ఉంటుంది, అసలు సిగ్నల్ తేటగా ఉంటుంది. చెవి తేటదాన్ని పట్టుకుంటుంది, మొద్దుది దాని వెనక పరుచుకుంటుంది. డిజిటల్ పెడల్‌లో రెండూ 20 కిలోహెర్ట్జ్ దాకా తేటగా వచ్చేసరికి గాజు గీసినట్టు వినిపిస్తుంది. కాబట్టి మొదట వెట్ సిగ్నల్‌కు (ఆలస్యమైనదానికి) మాత్రమే 6 కిలోహెర్ట్జ్ దగ్గర, ఆ పైన ట్రెబుల్‌ను కోసే హై కట్ పెట్టండి. పెడల్‌లో టోన్ నాబ్ ఒక్కటే ఉంటే అది వెట్‌ను తగ్గిస్తోందా, మొత్తం శబ్దాన్నా అన్నది చూసుకోండి. మిక్స్ (వెట్ పాలు) సున్నాలో పెట్టి టోన్ తిప్పినప్పుడు శబ్దం మారితే అది మొత్తానికీ పనిచేస్తోంది, మనకు పనికిరాదు.

రెండోది ఆలస్యాన్ని ఊపే తరంగం ఆకారం. నున్నగా వంగే సైన్ వద్దు, సూటి గీతలతో ఎక్కి దిగే ట్రయాంగిల్ ఎంచుకోండి. ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. డిలే (ఆలస్యం) 7 మిల్లీసెకన్లు, డెప్త్ (ఆ ఆలస్యం పెరిగి తగ్గే మేర) అటూ ఇటూ 1.5 మిల్లీసెకన్లు, రేట్ (సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో) 0.6 హెర్ట్జ్ అనుకుందాం. ఒక స్వరస్థానం నుంచి పక్కదానికి వంద సెంట్లు అనుకుంటే, ట్రయాంగిల్‌లో శ్రుతి సుమారు 6 సెంట్లు పైన కాసేపు నిలిచి, మళ్లీ అంతే కింద నిలుస్తుంది. అదే సైన్‌లో అయితే సున్నా నుంచి దాదాపు 10 సెంట్ల దాకా పాకుతూ వెళ్లి వస్తుంది. మొదటిది పక్కన మరొకరు వాయిస్తున్నట్టు ఉంటుంది, రెండోది మందు తాగి పాడినట్టు. ఇంకో సంగతి: డెప్త్ కదపకుండా రేట్‌ను రెట్టింపు చేస్తే శ్రుతి తేడా కూడా రెట్టింపై 12 సెంట్లు దాటుతుంది. రేట్ పెంచినప్పుడల్లా డెప్త్ తగ్గించాల్సిందే. చాలామంది పొరపాటు ఇక్కడే జరుగుతుంది.

ఫీడ్‌బ్యాక్ (ఆలస్యమైన సిగ్నల్‌ను తిరిగి లోపలికి పంపే నాబ్) సున్నాలో ఉండాలి. కొంచెం ఇచ్చినా ఫ్లాంజర్ (సుడి తిరిగినట్టు వినిపించే మరో ఎఫెక్ట్) వైపు పోతుంది. ద పోలీస్ రాక్ బృందంలో ఆండీ సమ్మర్స్ గిటార్‌ను చాలామంది కోరస్ అనుకుని వెంటాడుతుంటారు. ఆయన అప్పట్లో వాడింది ఎలక్ట్రిక్ మిస్ట్రెస్ ఫ్లాంజర్. ఆ నాదం కోసం కోరస్ నాబ్‌లు ఎంత తిప్పినా లాభం లేదు.

సీఈ-1 నాదంలో సగం దాని ప్రీయాంప్‌దే (సిగ్నల్‌ను ముందుగా పెంచే భాగానిదే). ఆ పెట్టె కరెంటు మీద నడిచేది, ఇన్‌పుట్ ఇంపిడెన్స్ (లోపలికి వచ్చే సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) తక్కువ. గిటార్‌ను నేరుగా పెడితే పికప్ ట్రెబుల్ కొంత పోయి, గట్టిగా మీటినప్పుడు శబ్దం కొద్దిగా చిక్కబడుతుంది. ఇప్పటి మల్టీ ఎఫెక్ట్స్‌లో ఇన్‌పుట్ ఇంపిడెన్స్ మార్చుకునే వీలుంటే 1 మెగా ఓమ్ నుంచి 100 కిలో ఓమ్ లోపుకు దించండి. కోరస్‌కు ముందు చాలా తక్కువ గెయిన్‌తో ఒక ఓవర్‌డ్రైవ్ (శబ్దాన్ని గరుకు చేసే పెడల్) పెట్టి, తీగను మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితేనే కాస్త గరుకుగా వచ్చేలా సరిచూసుకోండి. ఓవర్‌డ్రైవ్‌ను కోరస్ తర్వాత పెడితే ఊగుతున్న రెండు శ్రుతులూ ఒకదాన్నొకటి నలుపుకుని బురద అవుతుంది.

ఇక స్టీరియో. జేసీ-120లో రెండు 12 అంగుళాల స్పీకర్లు. ఒకదాంట్లో అసలు సిగ్నల్, రెండోదాంట్లో ఊగే సిగ్నల్. రెండూ వైర్లలో కాక గాలిలో కలుస్తాయి, ఆ విశాలత్వం అందులోనిదే. డిజిటల్ పెడల్‌లో డ్రై (అసలు) సిగ్నల్‌ను పూర్తిగా ఎడమకు, వెట్‌ను పూర్తిగా కుడికి పంచితే అచ్చం అదే అమరిక. ఆ యాంప్ ముందు ఒక్క మైకు పెట్టే సౌండ్ వాళ్లకు ఒక మనవి. ఒక స్పీకర్‌కే మైకు పెడితే హాలులో వినిపించేది ఉత్త గిటార్ అయినా అవుతుంది, ఉత్త వైబ్రాటో (శ్రుతి ఊగుడు) అయినా అవుతుంది. రెండు మైకులు పెట్టండి.

మన ఆర్కెస్ట్రాల్లో, చర్చి బ్యాండ్లలో మిక్సర్ నుంచి స్పీకర్లకు వెళ్లేది చాలాచోట్ల మోనోయే. స్టీరియో పెడల్ రెండు జాకులనూ వై-కేబుల్‌తో ఒకటి చేస్తారు. కొన్ని పెడల్స్‌లో కుడివైపు వెట్ తలకిందులుగా వస్తుంది కాబట్టి, రెండూ కలిసేసరికి కోరస్ మాయమై ఉత్త గిటార్ మిగులుతుంది. పెడల్ పాడైందని అప్పుడు మరమ్మతుకు పట్టుకొస్తారు! కుడి జాక్ ఖాళీగా వదిలి, మోనో అని రాసి ఉన్న ఎడమ జాక్ ఒక్కటే వాడండి. మిక్స్ సగం దగ్గర మొదలుపెట్టి, శ్రుతి జారుతున్నట్టు అనిపిస్తే 35–40 శాతానికి తగ్గించండి. బేస్ గిటార్‌కైతే వెట్‌లో 200 హెర్ట్జ్ కింద అంతా కోసేయాలి. 5 మిల్లీసెకన్ల డిలేను అసలు దానితో కలిపితే 100, 300, 500 హెర్ట్జ్ దగ్గర గుంటలు పడతాయి. బేస్ ప్రాణం అక్కడే ఉంటుంది.

కీబోర్డు వాళ్లకు 1982 నాటి జూనో-60 సింథసైజర్‌లోని కోరస్ మీద మోజు ఎక్కువ. అందులో 256 గడుల చిప్‌లు రెండు. ఒకదాని ఆలస్యం పెరుగుతుంటే రెండోదానిది తగ్గుతుంది. మొదటి బటన్‌లో రేట్ అర హెర్ట్జ్ దగ్గర, ఆలస్యం సుమారు 1.7 నుంచి 5.3 మిల్లీసెకన్లు. లెక్క వేస్తే శ్రుతి తేడా మళ్లీ ఆ 6 సెంట్ల దగ్గరే తేలుతుంది. పెడల్‌లో రెండు కోరస్ బ్లాకులను పక్కపక్కన పెట్టి, ఎల్ఎఫ్ఓ (ఆలస్యాన్ని ఊపే తరంగం) ఫేజ్ ఒకదానికి 0, రెండోదానికి 180 డిగ్రీలు ఇవ్వండి. 1979 నాటి డైమెన్షన్ డి అనే రోలాండ్ కోరస్ పెట్టె కీలకం కూడా ఈ ఎదురుబొదురు ఊగుడే. దానికి డెప్త్ ఇంకా తగ్గించి, ఆపినప్పుడే తేడా తెలిసేంత చాలు. బ్లాకులు సమాంతరంగా ఉంచాలి. ఒకదాని వెనక ఒకటి పెడితే తేడాలు కలగాపులగమై అసలు శ్రుతే పోతుంది.

పోల్చి చూసేటప్పుడు కోరస్ ఆన్‌లో, ఆఫ్‌లో శబ్దం ఒకే స్థాయిలో ఉండాలి. ఒక డెసిబెల్ పెద్దగా ఉన్నదే చెవికి మంచిదనిపిస్తుంది. గరగర వినిపిస్తే పెడల్‌ను తిట్టేముందు అడాప్టర్ చూడండి. 300 మిల్లీ ఆంప్స్ అడిగే డిజిటల్ పెడల్‌ను మిగతా పెడల్స్‌తో కలిపి ఒకే చవక అడాప్టర్‌కు గొలుసుగా తగిలిస్తే రొద ఖాయం. దానికి విడిగా ఐసొలేటెడ్ సప్లై ఇవ్వండి.

ఇంత చెప్పినా పాతదే కావాలనుకునేవారికి ఒక జాగ్రత్త. జపాన్ నుంచి వచ్చే సీఈ-1 వంద వోల్టులది. ప్లగ్‌కు మార్పిడి పిన్ను తగిలించి మన 230 వోల్టుల్లో పెడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాకే పెట్టె తెరవండి.

ఇట్లు,
ఎఫెక్ట్స్ పెడల్స్ మరమ్మతు చేసే కొందరు టెక్నీషియన్లు,
విజయవాడ