పచ్చ గన్నేరు బడి ఆవరణలో వద్దు

సంపాదకులు గారికి,

పోయిన నెల మా మనవడు బడి నుంచి వచ్చి జేబులోంచి నాలుగు గన్నేరు కాయలు తీసి అరుగు మీద పోశాడు. గోలీలాట ఆడారంట. ఒకదాన్ని రాయితో కొట్టి లోపలి పప్పు కొరికానని, చేదుగా ఉంటే ఉమ్మేశానని చెప్పాడు. నాకు కాళ్లు ఆడలేదు. పక్కింటామె ఉప్పునీళ్లు తాపి కక్కించమంది. ఆ పని చేయకుండా, ఒక కాయ సంచిలో వేసుకుని ఆటోలో ఆసుపత్రికి పోయాం. కాయ తేవడం మంచిదైందన్నారు డాక్టరు గారు. ఇంట్లో కక్కించకూడదని కూడా చెప్పారు. ఈసీజీ తీసి రాత్రంతా ఉంచుకున్నారు. దేవుడి దయ, పిల్లోడు బాగున్నాడు.

ఈ చెట్టులోని థెవెటిన్ లాంటి విషాలు నేరుగా గుండె మీద పనిచేస్తాయట. ముందు వాంతులు, కళ్లు తిరగడం, తర్వాత నాడి నెమ్మదించి లయ తప్పడం. మొదట్లో బాగానే ఉన్నట్టు కనిపించినా గంటల తర్వాత ముదరవచ్చు.

మనకు పేర్లతోనే చిక్కు. నా మాట విని ఒకామె టెన్షన్ పడి కుండీలోని బిళ్ళ గన్నేరు పీకేసింది, గేటు దగ్గరి పచ్చ గన్నేరును మాత్రం వదిలేసింది! (బిళ్ళ గన్నేరూ తినేది కాదనుకోండి.) పచ్చ గన్నేరుకు సన్నగా, పొడుగ్గా నిగనిగలాడే ఆకులు, గంటల్లాంటి పసుపు పూలు. తుంచితే పాలు కారతాయి. ఆకుపచ్చ కాయ పండితే నల్లబడుతుంది, లోపల గట్టి గింజ. ఎర్ర, తెల్ల గన్నేర్లకైతే ఆకులు మూడేసి కలిసి వస్తాయి, కాయలు సన్నటి పొడవాటివి. అవీ విషమే. 2024 మేలో కేరళలో తిరువాంకూరు దేవస్వం బోర్డు నైవేద్యంలో, ప్రసాదంలో గన్నేరు పూలు వాడొద్దంది.

పచ్చ గన్నేరు మన సీమ ఎండకు తట్టుకుంటుంది, మేకలు ముట్టవు, అందుకే నాటుతారని నాకూ తెలుసు. హైవే మధ్యలో ఉండనీయండి. బడులు, అంగన్‌వాడీలు, పార్కుల్లో మాత్రం తీయించి మందారం పెట్టమని కడప అధికారులను వేడుకుంటున్నాను. కొట్టేసిన కొమ్మలను మధ్యాహ్న భోజనం పొయ్యికి వాడొద్దు, ఆ పొగ కూడా మంచిది కాదు. పిల్లలు ఆ కాయ నోట్లో పెట్టుకున్నారని తెలిస్తే, వాంతులయ్యేదాకా చూడకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.

– ఒక విశ్రాంత అంగన్‌వాడీ టీచర్, కడప